ఎంఎస్సీ బయోఇన్ఫర్మేటిక్స్: గోదావరి జిల్లాల విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

డీఎన్ఏ, ప్రోటీన్ల లాంటి జీవుల సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు బయోఇన్ఫర్మేటిక్స్. దీని గురించి డిగ్రీ ఆఖరి సెమిస్టర్ మొదలైన దగ్గర్నుంచి అవే సందేహాలు ఏటా తిరిగొస్తున్నాయి. అందుకని అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ చదువులో అన్నిటికన్నా బరువైనది నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు. కాలేజీ ఎంపికైనా, ల్యాప్‌టాప్ కొనుగోలైనా దాన్ని దృష్టిలో పెట్టుకునే సలహా ఇచ్చాం.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి

అసలిది ల్యాబ్ చదువా, కంప్యూటర్ చదువా?

రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే. పిపెట్ (ద్రవాన్ని కొలిచి పోసే గొట్టం) పట్టే పని మొదటి ఏడాది కొద్దిగా ఉంటుంది, కొన్ని చోట్ల అదీ ఉండదు. అయితే తెర మీద కనిపించే ప్రతి సీక్వెన్సూ (డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రోటీన్ల అక్షరాల వరస) ఏదో ఒక ఆకు నుంచో, రక్తం చుక్క నుంచో, చెరువు నీటి నుంచో వచ్చిందే. నమూనా తీసిన కొద్ది నిమిషాల్లోనే ఆర్ఎన్ఏ చెడిపోవడం మొదలవుతుంది. ఆ సంగతి తెలియనివాళ్లు ఎండలో ఉండిపోయిన నమూనా చూపించే తేడాను కొత్త విషయం కనిపెట్టామనుకుని పొంగిపోతారు. కాబట్టి ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చేత్తో చేయకపోయినా బుర్రకి ఎక్కించుకోవాలి.

రెండేళ్లలో నాలుగు సెమిస్టర్లు. మొదట్లో మాలిక్యులర్ బయాలజీ, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్. తర్వాత సీక్వెన్స్ విశ్లేషణ, ప్రోటీన్ నిర్మాణాలు, జీనోమిక్స్ (జీవి మొత్తం డీఎన్ఏ, అంటే జీనోమ్, గురించిన చదువు), మెషిన్ లెర్నింగ్. చివరిది దాదాపు మొత్తం ప్రాజెక్టుకే.

బైపీసీ, తర్వాత బీజెడ్సీ చదివానండి. లెక్కలు టెన్త్‌తోనే వదిలేశాను. నెగ్గుకురాగలనా?

రాగలరు, కానీ చేరే ముందు వేసవి సెలవులు వృథా చేయకూడదు. ఇక్కడ కావలసిన లెక్కలు భయపడేంత లేవు. పాత తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాల్లో 1ఏ లోని మాత్రికలు, 2ఏ లోని ప్రస్తారాలు సంయోగాలు, విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు చేసుకుంటే మొదటి సెమిస్టర్ స్టాటిస్టిక్స్ తేలిగ్గా గట్టెక్కుతుంది. సంవర్గమానాలు మాత్రం చేతికి అలవాటు కావాలి. జీన్ ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది ఈ రంగంలో ఆధారం 2 సంవర్గమానంలోనే చెబుతారు. రెండింతలైతే 1, నాలుగింతలైతే 2, సగమైతే మైనస్ 1.

కోడింగ్‌కి ముందు రెండు వారాలు లైనక్స్ కమాండ్ లైన్ నేర్చుకోండి. ఫోల్డర్లు మారడం, ఫైల్‌లో పదం వెతకడం, లైన్లు లెక్కపెట్టడం, ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకో దానికి అందించడం. పైథాన్ ఆ తర్వాత. పుస్తకం చదివితే కోడింగ్ రాదు. ఒక ఫాస్టా ఫైల్ (సీక్వెన్సులు రాసి ఉంచే టెక్స్ట్ ఫైల్) తీసుకుని అందులో ప్రతి సీక్వెన్స్ పొడవు, జీసీ శాతం (జీ, సీ అక్షరాల వాటా) లెక్కగట్టే పదిహేను లైన్ల ప్రోగ్రాం సొంతంగా రాయగలిగిన రోజు మీరు సిద్ధమైనట్టు.

మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ. బయాలజీ రాదు. సీటిస్తారా?

చాలా విశ్వవిద్యాలయాలు కంప్యూటర్స్, ఇంజనీరింగ్ వాళ్లని కూడా తీసుకుంటాయి. అర్హతల పట్టికలో బ్రాంచి పేరు ఉందో లేదో చూసి ఫీజు కట్టండి. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల బయాలజీలో కణం, జన్యుశాస్త్రం, డీఎన్ఏ అధ్యాయాలు చదివితే మొదలుపెట్టడానికి చాలు. ఈ నేపథ్యం వాళ్లు డీఎన్ఏని ఉత్త అక్షరాల వరసలా చూస్తారు, అక్కడే దెబ్బతింటారు. దానికి రెండు పోగులుంటాయి. వెతికే జీన్ రెండో పోగు మీద ఉంటే వరసని తిరగేసి, ఏ ని టీ గా, జీ ని సీ గా మార్చి చూడాలి. అది మర్చిపోయిన ప్రోగ్రాం సగం జీన్లని కనిపెట్టదు, ఎర్రర్ కూడా ఇవ్వదు.

బయోటెక్నాలజీ ఎంఎస్సీ మంచిదా, ఇదా? డేటా సైన్స్ చేసినా అదే పని కదా?

గ్లౌజులు వేసుకుని బెంచి దగ్గర నిలబడటం ఇష్టమైతే బయోటెక్నాలజీకే వెళ్లండి. జీవశాస్త్రం మీద ప్రేమ లేకుండా ఉద్యోగం కోసమే అయితే డేటా సైన్సే దగ్గరి దారి, దాంట్లో కంపెనీలు ఎక్కువ. ఈ రెంటికీ నడుమ ఉన్న చదువు ఇది. ఒక వేరియంట్ (డీఎన్ఏలో మనిషికీ మనిషికీ ఉండే తేడా) జబ్బుకి కారణమా కాదా అని గణాంకాలతోనూ, ప్రోటీన్ ఆకారంతోనూ వాదించగలగాలి. రెండు వైపులా కుతూహలం ఉన్నవాళ్లకే ఇది సుఖం.

ఏఐ వచ్చేసింది, ఇప్పుడు చేరడం దండగంటున్నారు. నిజమేనా?

2020లో ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాం ప్రోటీన్ ఆకారాల్ని ఊహించడంలో అందరినీ దాటేసింది. దాని డేటాబేస్‌లో ఇప్పుడు 20 కోట్లకు పైగా నిర్మాణాలున్నాయి, 2024లో రసాయనశాస్త్ర నోబెల్ కూడా డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్, డేవిడ్ బేకర్లకి ఈ రంగంలోనే వచ్చింది. ఒకప్పుడు ప్రాజెక్టుగా చలామణీ అయిన "ఫలానా ప్రోటీన్ హోమాలజీ మోడలింగ్" (ఆకారం తెలిసిన పోలిక ప్రోటీన్‌ని బట్టి దీని ఆకారం ఊహించడం) ఇప్పుడు ఒక్క మధ్యాహ్నం పని. పోయింది ఆ రకం పనే. ఆకారం తెలిశాక అది ఏం చేస్తుంది, ఏ మ్యుటేషన్‌తో చెడుతుంది, ఆ ఊహ మీద ఏ భాగంలో నమ్మకం తక్కువ అని అడిగేవాళ్ల అవసరం పెరిగింది. చాట్‌బాట్‌తో కోడ్ రాయించుకోవడం తప్పేం కాదు. అయితే అది లేని ఆప్షన్‌ని ఉన్నట్టే ధీమాగా రాసిస్తుంది. చదివి పట్టుకోలేనివాళ్లకి ఆ కోడ్ ప్రమాదం.

## సీటు, దరఖాస్తు

ఏ ఎంట్రన్స్ రాయాలండి? పేర్లన్నీ కలిసిపోతున్నాయి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ పీజీ. 75 ప్రశ్నలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 పోతుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) మద్దతుతో నడిచే బయోటెక్నాలజీ, అనుబంధ కోర్సులకి గ్యాట్-బీ. ఐఐటీ ఎంఎస్సీలకి జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి ఏపీ పీజీసెట్. ఎంటెక్ వైపు వెళ్లాలంటే గేట్; గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

గ్యాట్-బీ సంగతి కొంచెం చెప్పాలి. మొదటి భాగంలో 60 ప్రశ్నలు ఇంటర్ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ. అన్నీ రాయాల్సినవే, తప్పుకి అర మార్కు కోత. రెండో భాగంలో 100 ఇస్తారు, 60 రాస్తే చాలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకి 1 పోతుంది. బైపీసీ వాళ్లు మొదటి భాగంలోని లెక్కల్ని చూసి వణికిపోతారు గానీ మొత్తం 240 లో రెండో భాగమే 180. బలం అక్కడ పెట్టండి.

సీయూఈటీలో తరచూ జరిగే పొరపాటు పేపర్ ఎంపిక. ఒకే పేరున్న కోర్సుకి ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో పేపర్ కోడ్ అడుగుతుంది. ముందు విశ్వవిద్యాలయం బ్రోచర్‌లో కోడ్ చూసి, ఆ తర్వాతే ఫారం నింపాలి. తప్పు పేపర్‌లో ఎంత స్కోరొచ్చినా ఆ సీటుకి పనికిరాదు.

బయోఇన్ఫర్మేటిక్స్‌కి పేరున్న చోట్లు ఏవి?

పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, పుణెలోని సావిత్రిబాయి ఫూలే విశ్వవిద్యాలయం పాతకాపులు. ఢిల్లీ జేఎన్‌యూలో కంప్యుటేషనల్ అండ్ ఇంటిగ్రేటివ్ సైన్సెస్ స్కూల్, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఐబ్యాబ్ ఉన్నాయి. కోర్సు పేరులో "బయోఇన్ఫర్మేటిక్స్" అన్న మాటే ఉండాలని పట్టుబట్టకండి. కంప్యుటేషనల్ బయాలజీ, సిస్టమ్స్ బయాలజీ అన్న పేర్లతో దాదాపు ఇదే సిలబస్ నడుస్తుంది. కాకినాడ పీఆర్, భీమవరం డీఎన్ఆర్, నరసాపురం వైఎన్ లాంటి కాలేజీల్లో బీఎస్సీ చేసినవాళ్లు ఇంటికి దగ్గరని ఏదో ఒక చోట చేరడం కన్నా నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టడం మేలు.

మా బీసీ సర్టిఫికెట్ సెంట్రల్ వర్సిటీలో చెల్లదన్నారు. ఎందుకండి?

బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ అన్న గ్రూపులు రాష్ట్రానివి. కేంద్ర సంస్థలు కేంద్ర ఓబీసీ జాబితానే చూస్తాయి, దానికి నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే నమూనాలో కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, అది ముందు సరిచూసుకోండి. సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత, ఇచ్చినదై ఉండాలని చాలా చోట్ల అడుగుతారు. ఈడబ్ల్యూఎస్‌కీ అదే పద్ధతి. సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ సంతకం అయ్యేసరికి కౌన్సెలింగ్ గడువు దాటిపోవడం మామూలే. అందుకే ఏప్రిల్ మొదటి వారంలోనే పెట్టేయండి.

మాది యానాం. పుదుచ్చేరి యూనివర్సిటీలో మాకేమైనా వెసులుబాటు ఉంటుందా?

కొన్ని కోర్సుల్లో పుదుచ్చేరి నివాసులకి విడిగా సీట్లుంటాయి, యానాం వాళ్లు ఆ లెక్కలోకే వస్తారు. మీరు ఎంచుకున్న కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో బ్రోచర్‌లో చూసి, యానాంలో నివాస ధ్రువపత్రం తీసుకోండి. గౌతమి మీద వంతెన దాటి ఎదుర్లంక వచ్చేస్తే మాత్రం ఈ సౌకర్యం లేదు, మేనమామ ఇల్లు యానాంలో ఉన్నా సరే.

కాలేజీ మంచిదో కాదో ఫీజు కట్టకముందే ఎలా తెలుస్తుంది?

నిరుడు ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టు పేర్ల జాబితా అడగండి. అన్నీ "ఫలానా ప్రోటీన్‌కి ఫలానా మొక్కలోని రసాయనాల డాకింగ్" (రసాయనం ప్రోటీన్‌కి ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో చూడటం) అయితే ఒక్క సాఫ్ట్‌వేర్‌తో బండి లాగిస్తున్నారని అర్థం. ప్రోగ్రామింగ్ ఎవరు చెబుతారు, రెగ్యులర్ ఫ్యాకల్టీనా, ఆదివారం వచ్చిపోయే గెస్టా? విద్యార్థులకి సర్వర్ లాగిన్ ఉందా? నాలుగో సెమిస్టర్‌లో ఆరు నెలలు బయటి పరిశోధన సంస్థకి పంపుతారా? ఈ ఆఖరి ప్రశ్నకి "పంపుతాం" అంటే హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఇక్రిశాట్ లాంటి చోట్లకి వెళ్లే అవకాశమైనా మిగులుతుంది.

ఇంకో గుర్తు. సీనియర్ల ప్రాక్టికల్ రికార్డు ఒకటి తెరిచి చూడండి. బ్లాస్ట్ (పోలిన సీక్వెన్సుల్ని వెతికే పనిముట్టు) పేజీ ప్రింటవుట్లు కత్తిరించి అంటించి, పక్కన చేత్తో "విధానం" రాసి ఉంటే ఆ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అలంకారానికే.

## చదువుకునే రోజుల్లో

ల్యాప్‌టాప్ ఏది కొనాలి?

ర్యామ్ 16 జీబీ, ఎస్ఎస్‌డీ 512 జీబీ కనీసం, ర్యామ్ తర్వాత పెంచుకునే స్లాట్ ఉండాలి. షాపువాడు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు అంటగడతాడు, ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి. విండోస్ ఉంటే డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపల లైనక్స్ నడిపే సౌకర్యం) వేసుకుని అందులో ఉబుంటు అనే లైనక్స్ నడపవచ్చు.

ఎంత పని జరుగుతుందో లెక్క చూడండి. వరి జీనోమ్ సుమారు 38.9 కోట్ల అక్షరాలు. 30 రెట్ల లోతున (ప్రతి అక్షరాన్నీ సగటున 30 సార్లు చదివేలా) సీక్వెన్స్ చేస్తే 1,167 కోట్ల అక్షరాలు, కుదించిన ఫైలే పది జీబీ దరిదాపుల్లోకి వస్తుంది. చదివిన ముక్కల్ని (రీడ్లు) జీనోమ్‌లో వాటి చోట అతికించాక, అంటే అలైన్ చేశాక, ఇంకో అంత. ఒకటి రెండు నమూనాలు ల్యాప్‌టాప్ మీద చేయొచ్చు, ఇరవై అయితే కుదరదు. మనిషి జీనోమ్‌కి స్టార్ అనే అలైనర్ 30 జీబీ ర్యామ్ అడుగుతుంది, అదే పని హైశాట్2 పదహారు జీబీ మెషిన్ మీద చేసిపెడుతుంది. పెద్ద పనికి కాలేజీ సర్వర్, లేదా వెబ్‌లో నడిచే గెలాక్సీ ఉచిత సర్వర్ వాడండి.

పైథాన్ భాషా, ఆర్ భాషా? ఏది ముందు?

పైథాన్ ముందు. జీన్ ఎక్స్‌ప్రెషన్ (ఏ జీన్ ఎంత పనిచేస్తోంది అన్న) గణాంకాలకి ఆర్ తప్పదు, ఎందుకంటే డీసెక్2 లాంటి పనిముట్లు అందులోనే ఉన్నాయి. రెండూ ఒకే నెలలో మొదలుపెట్టకండి. పైథాన్‌లో లెక్క సున్నా నుంచి, ఆర్‌లో ఒకటి నుంచి. తల తిరిగిపోతుంది.

కరెంటు పోయి, నెట్ ఆగి డౌన్‌లోడ్ సగంలో తెగిపోతోంది. మళ్లీ మొదట్నుంచీనా?

అక్కర్లేదు. డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌ని సీ ఆప్షన్‌తో ఇస్తే ఆగిన చోటినుంచి అందుకుంటుంది. ఎస్ఆర్ఏ (అమెరికా ఎన్‌సీబీఐ సంస్థ నడిపే బహిరంగ సీక్వెన్స్ నిల్వ) డేటాకి బ్రౌజర్ వాడొద్దు, దాని ప్రీఫెచ్ కమాండ్ వాడండి. అదే డేటా చాలావరకు యూరప్ వాళ్ల నిల్వ ఈఎన్ఏలో నేరుగా ఫాస్ట్‌క్యూ (రీడ్లు ఉండే ఫైల్) రూపంలో దొరుకుతుంది. తుపాను రోజుల్లో సర్వర్ మీద పని పెట్టేటప్పుడు టీమక్స్‌లో పెట్టండి. మీ ఇంట్లో కరెంటు పోయినా అక్కడ పని నడుస్తూనే ఉంటుంది.

దిగిన ఫైల్ పూర్తిగా దిగిందో లేదో సైజు చూసి చెప్పలేం. వెబ్‌సైట్‌లో ఇచ్చిన ఎండీ5 సంఖ్యతో (ఫైల్‌లోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తు) పోల్చాలి. ఫాస్ట్‌క్యూలో ఒక్కో రీడ్‌కి నాలుగు లైన్లు: పేరు, అక్షరాల వరస, ప్లస్ గుర్తు, ఆ అక్షరాల నాణ్యత. మొత్తం లైన్లు నాలుగుతో భాగిస్తే శేషం మిగిలిందంటే ఫైల్ తెగిందన్నమాట. ఒకే ముక్కని రెండు కొసల నుంచీ చదివిన జంట ఫైళ్లయితే రెండిట్లో రీడ్లు సమానంగా ఉండాలి.

అదే స్క్రిప్ట్ సీనియర్ దగ్గర నడిచింది, నా దగ్గర ఎర్రర్. ఎందుకు?

వాట్సాప్‌లో వచ్చిన స్క్రిప్ట్‌ని విండోస్‌లో తెరిచి సేవ్ చేశారేమో చూడండి. ప్రతి లైను చివరా కంటికి కనిపించని ఒక అక్షరం చేరుతుంది, లైనక్స్ దాన్ని కమాండ్‌లో భాగమనుకుంటుంది. కమాండ్ పేరు సరిగ్గానే ఉన్నా "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. డాస్2యూనిక్స్ నడిపితే పోతుంది. ఫైల్ పేర్లలో ఖాళీలున్నా ఇలాంటి తిప్పలే, "ఫైనల్ డేటా కొత్తది" అని పెట్టే అలవాటు మానుకోండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ల గొడవ రాకుండా ఒక్కో ప్రాజెక్టుకీ కోండా అనే ప్రోగ్రాంలో విడి ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్లకే ఒక గది లాంటిది) చేసుకుని, దాని జాబితా ఫైల్‌గా రాసి పెట్టుకోవాలి.

ఎర్రర్ వచ్చినవాళ్లు అదృష్టవంతులు. ఎర్రర్ లేకుండా తప్పు ఫలితం ఇచ్చేవి అసలైన చిక్కులు. అలైన్‌మెంట్ ఫైల్‌లో క్రోమోజోమ్ పేరు "సీహెచ్ఆర్1" అని, జీన్ల పట్టికలో ఉత్త "1" అని ఉంటే లెక్కింపు పూర్తవుతుంది, జీన్లన్నిటికీ సున్నాలొస్తాయి. జీనోమ్‌లో స్థానాలు రాసే పట్టికల్లో బెడ్ ఫైల్ క్రోమోజోమ్‌లోని మొదటి వంద అక్షరాల్ని 0 నుంచి 100 అని రాస్తుంది, జీఎఫ్ఎఫ్ 1 నుంచి 100 అని రాస్తుంది. మార్చకుండా కలిపితే మీ మ్యుటేషన్ ఒక్క అక్షరం జరుగుతుంది, కోడాన్ (మూడక్షరాల గుంపు) మారిపోతుంది. మనిషి జీనోమ్ 37వ కూర్పులో దొరికిన స్థానాన్ని 38వ కూర్పులో వెతికితే ఇంకేదో కనిపిస్తుంది. ఏ ఫైల్ ఏ కూర్పుదో దాని పక్కనే రాసి పెట్టుకోండి.

పట్టికలు ఎక్సెల్‌లో తెరిస్తే తప్పేంటి?

జీన్ పేర్లు తేదీలైపోతాయి. సెప్టిన్ జీన్ల పాత పేరు ఎస్ఈపీటీ2. ఎక్సెల్ దాన్ని సెప్టెంబర్ 2 అనుకుని మార్చేస్తుంది, సేవ్ చేశాక వెనక్కి రాదు. ఈ గొడవ ఎంత ముదిరిందంటే 2020లో జీన్ల నామకరణ సంఘమే దిగొచ్చి వాటి పేర్లు మార్చింది. పాత డేటాలో పాత పేర్లే ఉంటాయి కాబట్టి తెరవాల్సి వస్తే ఆ నిలువు వరసని "టెక్స్ట్"గా ఇంపోర్ట్ చేసుకోండి.

పీ విలువ 0.05 కన్నా తక్కువుంటే చాలు కదా?

చాలదు. నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశమే పీ విలువ. 30,000 జీన్లని పరీక్షిస్తే, అసలే తేడా లేకపోయినా 1,500 జీన్లు ఆ గీత దిగుతాయి. అందుకే పరీక్షల సంఖ్యని బట్టి సవరించిన పీ విలువ చూడాలి. డీసెక్2 కి ముడి లెక్కలే (ఒక్కో జీన్ మీద పడిన రీడ్ల సంఖ్య) ఇవ్వాలి, టీపీఎం, ఎఫ్‌పీకేఎం లాంటి సర్దిన కొలతలు ఇవ్వకూడదు. అది తనే సర్దుబాటు చేసుకుంటుంది, ముందే సర్దిన అంకెలిస్తే గణితం తప్పుతుంది. ఒక్కో వర్గానికి కనీసం మూడు విడి నమూనాలు కావాలి. ఒకే మొక్క ఆర్ఎన్ఏని మూడు గొట్టాల్లో పోస్తే మూడు నమూనాలు కావు.

మంచి మొక్కలన్నీ సోమవారం, తెగులు మొక్కలన్నీ గురువారం ప్రాసెస్ చేసిన డేటాని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. వచ్చిన తేడా తెగులుదా, వారానిదా అని విడదీసే దారే ఉండదు.

డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో పాఠాలు అర్థమవుతాయా?

మొదటి రెండు నెలలు కష్టం, తర్వాత అలవాటవుతుంది. ఇంగ్లీషు గట్టిగా కావలసింది రెండో ఏడాది థీసిస్ రాసేటప్పుడు. వారానికి ఒక పరిశోధన పత్రం తీసుకుని దాని పద్ధతుల విభాగం మాత్రం చదవండి. అందులో వాక్యాలు చిన్నవి, పదాలు తిరిగి తిరిగి వస్తాయి.

## ప్రాజెక్టు

మన గోదావరి జిల్లాలకి పనికొచ్చే టాపిక్ చేయొచ్చా? డేటా ఎక్కడ దొరుకుతుంది?

చేయొచ్చు, సొంతంగా సీక్వెన్సింగ్‌కి డబ్బు పెట్టకుండానే. ఎన్‌సీబీఐ, ఈఎన్ఏలలో బహిరంగంగా ఉన్న డేటా ఒక జీవితానికి సరిపడా ఉంది. 3,000 వరి రకాల జీనోమ్‌ల ప్రాజెక్టు డేటా 2014 నుంచి అందరికీ అందుబాటులో ఉంది.

వరిలో ఒక మంచి ఉదాహరణ చూద్దాం. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, సార్వాలో ముంపుకి తట్టుకోలేదు. ఒడిశా నాటు రకం ఎఫ్ఆర్13ఏ నుంచి సబ్1 జన్యు భాగాన్ని అందులోకి ఎక్కించి చేసిందే స్వర్ణ సబ్1. 2009లో మన దేశంలో విడుదలైంది, రెండు వారాల ముంపుని ఓర్చుకుంటుంది. పని చేసే జీన్ సబ్1ఏ, తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇప్పుడు విద్యార్థి స్వర్ణ సబ్1 రీడ్లని మామూలు వరి రిఫరెన్స్ (పోల్చడానికి పెట్టుకునే ప్రామాణిక జీనోమ్) మీద అలైన్ చేసి సబ్1ఏ కోసం వెతుకుతాడు, దొరకదు. ఎందుకంటే ఆ రిఫరెన్స్ నిప్పన్‌బారే అనే జపనీస్ రకానిది, దాంట్లో సబ్1బీ, సబ్1సీ ఉన్నాయి గానీ సబ్1ఏ అసలు లేనేలేదు. ఆ రీడ్లు కొన్ని ఎక్కడా అతకకుండా మిగిలిపోతాయి, కొన్ని పక్క జీన్ల మీద తప్పుగా అతుక్కుని లేని మ్యుటేషన్లని చూపిస్తాయి. అతకని రీడ్లని పక్కకి తీసి విడిగా అసెంబుల్ చేయడమో (ముక్కల్ని కలిపి పొడవైన వరస కట్టడం), సబ్1ఏ ఉన్న ఇండికా రిఫరెన్స్ ఎంచుకోవడమో చేయాలి. ఈ ఒక్క విషయాన్ని కొలిచి చూపించినా చక్కటి ఎంఎస్సీ ప్రాజెక్టు అవుతుంది. రిఫరెన్స్ మారితే ఎన్ని జీన్లు మాయమవుతాయి, ఎన్ని కొత్తగా కనిపిస్తాయి అన్నదే ప్రశ్న.

రొయ్యల వైపు ఆశ ఉంటే జాగ్రత్త. వనామీ జీనోమ్ 2019లో వచ్చింది, సుమారు 166 కోట్ల అక్షరాలు, అందులో దాదాపు పావు వంతు చిన్న ముక్కలు పదే పదే వచ్చేవే. దాన్ని మళ్లీ అసెంబుల్ చేస్తానని బయల్దేరితే ఆరు నెలలూ అక్కడే హరించుకుపోతాయి. చెరువు నీటిలోని బ్యాక్టీరియా మీద 16ఎస్ (బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి చదివే జీన్) డేటా తీసుకోండి. ఫైళ్లు చిన్నవి, ల్యాప్‌టాప్ మీద క్వైమ్2 ప్రోగ్రాంతో అయిపోతాయి. రొయ్యలకి తెగులు తెచ్చే వైబ్రియో బ్యాక్టీరియా వాటా తెగులొచ్చిన చెరువుల్లో ఎంత, బాగున్న చెరువుల్లో ఎంత అన్న ప్రశ్న భీమవరం రైతుకి కూడా అర్థమవుతుంది. రొయ్యల ఎదుగుదలని ఆపే ఈహెచ్‌పీని మాత్రం అందులో వెతక్కండి. అది బ్యాక్టీరియా కాదు, మైక్రోస్పోరీడియన్ (శిలీంధ్రాలకి దగ్గరి పరాన్నజీవి), ఆ ప్రైమర్లకి (16ఎస్ జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలకి) చిక్కదు.

టాపిక్ ఖాయం చేసుకునే ముందు నమూనాల వివరాల పట్టిక దించి చూడండి. ఏ నమూనా ఏ రోజుది, ఏ కణజాలానిది, తెగులు ఉన్నదా లేనిదా అన్నది పట్టికలో లేకపోతే ఆ డేటా ఎంత పెద్దదైనా వదిలేయండి.

డబ్బు తీసుకుని ప్రాజెక్టు చేసిపెట్టే సెంటర్లున్నాయి. పోనీ వెళ్లనా?

వద్దు. నెలాఖరుకి బైండింగ్ చేసిన పుస్తకం చేతికొస్తుంది, అదే పుస్తకం పేరు మార్చి ఇంకో నలుగురికీ ఇస్తారు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే "మీ ప్రాజెక్టులో ఈ కటాఫ్ ఎందుకు పెట్టారు?" అని. అక్కడే దొరికిపోతారు. బయటి అనుభవం కావాలంటే మొదటి ఏడాదిలోనే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి పెట్టుకోండి, రెండు నెలలు మంచి ల్యాబ్‌లో ఉండొచ్చు. శాస్త్రవేత్తలకి మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" అని వంద మందికి ఒకే మెయిల్ పంపకుండా, వాళ్ల ఇటీవలి పత్రం ఒకటి చదివి దాని గురించి రెండు వాక్యాలు రాయండి.

## ఆ తర్వాత

ఉద్యోగాలు ఎక్కడ, ఏ పేరుతో ఉంటాయి?

ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్. జెనెటిక్ టెస్టింగ్ ల్యాబుల్లో వేరియంట్ విశ్లేషణ, ఫార్మా కంపెనీలకి సేవలందించే సంస్థల్లో ఎన్‌జీఎస్ (కొత్త తరం సీక్వెన్సింగ్) అనలిస్ట్, డేటా క్యూరేషన్ (సమాచారాన్ని సరిచూసి అమర్చడం), విత్తన కంపెనీల్లో మార్కర్ (రకాల్ని గుర్తుపట్టే డీఎన్ఏ గుర్తు) డేటా పని. క్యాంపస్‌కి కంపెనీలు బారులు తీరే చదువు కాదిది. అడిగేది గిట్‌హబ్ (కోడ్ పెట్టి పంచుకునే వెబ్‌సైట్) లింకు. అందులో ఒకే ఒక్క ప్రాజెక్టు ఉన్నా పర్లేదు, ఎవరు తెరిచి నడిపినా అదే ఫలితం రావాలి. విశ్లేషణ అంచెలన్నిటినీ వరసగా నడిపే స్నేక్‌మేక్ గానీ నెక్స్ట్‌ఫ్లో గానీ ఒకటి వచ్చి ఉంటే ముందువరసలో ఉంటారు.

నెట్ రాయాలా? అందులో బయోఇన్ఫర్మేటిక్స్ పేపర్ ఉందా?

సీఎస్ఐఆర్ నెట్‌లో విడి పేపర్ లేదు, లైఫ్ సైన్సెస్ రాయాలి. అందులో మన సబ్జెక్టు కొంచెమే. బయోకెమిస్ట్రీ, కణశాస్త్రం, జీవావరణం, మొక్కలు, జంతువులు అన్నీ చదవాలి. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకి తప్పనిసరి అనుకోండి. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. ఆఖరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. కంపెనీ ఉద్యోగమే గమ్యమైతే ఆ ఏడాది కోడింగ్ మీద పెట్టండి.

అమెరికా వెళ్లాలా, జర్మనీనా? ఇంట్లో రెండెకరాలు అమ్ముదామంటున్నారు.

అమెరికాలో బయోఇన్ఫర్మేటిక్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందికి వస్తుంది కాబట్టి చదువయ్యాక ఓపీటీ (అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలు, పైన 24 నెలల పొడిగింపు ఉంటుంది. ఫీజు భారీ. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు నామమాత్రమే. అయితే 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనన్న ధ్రువీకరణ) తప్పనిసరి, బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. పైగా వాళ్లు డిగ్రీలో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ క్రెడిట్లు లెక్కపెడతారు, ఉత్త బీజెడ్సీతో అక్కడే ఆగిపోతారు. ఇక్కడ ఎంఎస్సీ చేసి, మంచి ప్రాజెక్టుతో విదేశీ పీహెచ్‌డీకి పెట్టుకుంటే ఎదురు జీతమిస్తారు. పొలం అమ్మే మాట ఎత్తకముందు ఆ దారి ఒకసారి చూడండి.

పెళ్లయ్యాక అమలాపురంలోనే ఉంటాను. ఇంటి నుంచి చేసే పని దొరుకుతుందా?

దొరుకుతుంది, మొదటి ఉద్యోగంగా కాదు. కొత్తవాళ్లని పక్కన కూర్చోబెట్టుకునే నేర్పుతారు. రెండు మూడేళ్లు ఆఫీసులో చేసినవాళ్లకి క్యూరేషన్, వేరియంట్ రిపోర్టుల పని ఇంటి నుంచి ఇవ్వడం ఉంది. పేషెంట్ల డేటా మాత్రం సొంత ల్యాప్‌టాప్‌లోకి దింపనివ్వరు, కంపెనీ సర్వర్ మీదే చేయాలి. అందుకని నిలకడైన ఫైబర్ కనెక్షన్, రౌటర్‌ని కూడా కలిపి నిలబెట్టే ఇన్వర్టర్ ముందు అమర్చుకోండి.